ఫ్యాను బిగించిన చెయ్యి

సీలింగు ఫ్యాను బిగించడం బ్రహ్మవిద్యేమీ కాదు. స్లాబులో ఓ కొక్కెం, దానికి వేలాడే రాడ్డు, రాడ్డు పడకుండా బోల్టు, బోల్టు జారకుండా నట్టూ పిన్నూ. చెల్లెలికి ఇది కూర తాలింపు వేసినంత తేలిక. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పుస్తకాల కొట్లో దొరికిన వైరింగు పుస్తకాన్ని నాలుగుసార్లు చదివి, హాస్టల్లో ప్రతి గది ఫ్యానూ తనే బాగుచేసింది.

ఆ హాస్టలు బతుకు నేటితో సరి. "నా ఇంట్లోనే ఉండవే. నీకిచ్చే మేడగదికి ఫ్యాను మాత్రం నువ్వే బిగించుకోవాలి, ఎలక్ట్రీషియన్ని తేకు," అంది అక్క. చిన్నప్పట్నుంచీ మంచినీళ్ల గ్లాసు కూడా దెప్పకుండా ఇవ్వని అక్క! అలాంటి నోట్లో ఉన్నట్టుండి తేనె ఊరితే ఎవరైనా ఆలోచించాలి. చెల్లెలు ఆలోచించలేదు, కళ్లు తుడుచుకుంది. వెనకా ముందూ ఉన్నది ఆ ఒక్క అక్కే మరి. ఆ ఒక్కతీ రమ్మంటే కాళ్లు ఆగుతాయా?

మధ్యాహ్నం మూడైంది. బయట ముసురు. ఫ్యూజు పీకి, మరెవరూ పెట్టకుండా తన నడుం దగ్గరే దోపుకుంది. రెక్కలు ఇంకా అట్టపెట్టెలోనే గోడకి ఆనించి ఉన్నాయి. బల్ల మీద స్టూలు, స్టూలు మీద చెల్లెలు. కింద అక్క, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో స్టూలు పట్టుకుని.

"పడ్డావంటే మొయ్యడం నా వల్ల కాదమ్మోయ్."

"పడితే నీ మీదే పడతాలే, మెత్తగా ఉంటావు."

అక్క నవ్వలేదు.

"ఈ గదిలో ఫ్యానెప్పుడూ లేదన్నావు?"

"లేదు."

మరి కొక్కెం లోపలివైపు అరిగి నిగనిగలాడుతోందేం? చెల్లెలు వేలితో తడిమింది. వెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన మనిషి వేలు మడిచినట్టు... సిమెంటు చెమ్మలోంచి ఇంకో వాసన. ఏళ్ల తరబడి ఎవరో తలానించిన దిండు వాసన.

ఎండకి స్లాబు కాగి ఉంటుందిలే అనుకుంది. వారం రోజులుగా ఎండే లేదని గుర్తొచ్చింది. అయినా మోటారు ఎత్తింది. భుజాలు లాగేస్తున్నాయి. రాడ్డు కొక్కేన్ని తాకిందో లేదో, బరువు పోయింది.

"అక్కా... నువ్వేమైనా ఎత్తుతున్నావా?"

"నా చేతులు ఇక్కడున్నాయి కదే."

"మరి బరువేదీ?"

"మాట్లాడకు. బిగించు."

బిగించింది. పానాతో నట్టు తిప్పి, పిన్ను దోపి, దాని కొసలు విడదీసింది. వైర్లు కలిపింది. అప్పుడు వినిపించింది, కింద అక్క గుసగుస. తనతో కాదు. పైకి చూస్తూ, తనని దాటి చూస్తూ...

"బిగించేసింది. చూశావుగా. నా సొంత చెల్లెలే. ఇక నన్నొదులు."

టార్చి ఆరింది. చెల్లెలు దూకేసరికి తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"అక్కా! ఏంటీ వేళాకోళం?"

"బిగించినవాళ్లే ఉండాలటే," తలుపవతల అక్క ఏడుస్తోంది. "పోయినేడు నేను బిగించాను. నాకెవరూ చెప్పలేదు. సొంతవాళ్ల చెయ్యి పడితేనే నన్ను విప్పుతానంది."

"ఎవరు?"

తలుపవతల చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు.

"అడిగితే చచ్చేదాకా పనిమనిషిలా నీ దగ్గరే ఉండేదాన్ని కదే, నన్నే అమ్మావా? నోరు తెరిచి చెబితే ఇద్దరం కలిసి పీకి పారేసేవాళ్లం!"

"ఏడాది ఇక్కడున్నాను. ఒక్కసారి గుర్తొచ్చానా నీకు? పోయిన వారం ఫోన్ చేస్తే ఏమన్నావ్? 'ఏ అక్క' అన్నావే..."

నిజమే. అంది. అన్నాక సిగ్గుపడింది కూడా. ఇప్పుడు ఆ ఏడాది జ్ఞాపకాలన్నీ వెతుక్కుంది. అక్క ఎక్కడా లేదు. పన్ను ఊడిపోయినట్టు, ఆ చోటు నున్నగా ఉంది.

మెట్ల మీద అడుగులు దిగిపోయాయి.

వెనక ఏదో కదిలింది. రెక్కల్లేని మోటారు తిరుగుతోంది. మెల్లగా. ఫ్యూజు నడుం దగ్గరే ఉంది. రెక్కలు పెట్టెలోనే ఉన్నాయి. అయినా గాలి... చల్లగా, మెడ మీద, ఎవరో ఊదినట్టు...

కిటికీ దగ్గరికి పరిగెత్తి ఊచలు పట్టుకుంది. "అక్కా! అక్కా!"

అక్క వీధిలో ఉంది. వానలో మొహం పైకెత్తి, మొదటిసారి వాన చూసినదానిలా. ఎదురు కొట్లోంచి దర్జీ తల బయటపెట్టాడు.

"ఏమ్మా, పైన ఆ పిల్ల గొంతు చించుకుంటోంది. నీ చెల్లెలా?"

అక్క కిటికీ వైపు చూసింది. సూటిగా చూసింది.

"పాపం, ఎవరో ఏమో. నాకు చెల్లెళ్లు లేరండీ."

అబద్ధమాడితే అక్క ఎడమ కనురెప్ప అదురుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చెల్లెలు దాన్ని చూస్తూనే ఉంది. ఇప్పుడు ఊచలకి మొహం అదిమి చూసింది.

అదరలేదు.