నాలుగో గదిలో 109

నకిరేకల్ దాటి హైవే మీద కొంచెం ముందుకు పోతే నిమ్మకాయల కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉండేది. పగలు చూస్తే మామూలు రేకుల షెడ్డే. కానీ అక్కడి నాలుగో గది మాట ఎత్తితే చాలు, హమాలీలు మాట మార్చేసేవారు. ఖాళీ గది. బయట గడియ. రాత్రయితే లోపల ఫోను మోగుతుంది... మోగి మోగి ఆగిపోతుంది.

"కురుమయ్యకు ఫోనొచ్చింది" అని గుసగుసలాడుకునేవారు.

కురుమయ్య అక్కడ రాత్రి వాచ్‌మన్. ఫోను ఎత్తినా, తనే చేసినా ముందు "ఆఁ... గేటు నుంచి!" అని గట్టిగా అని, ఆ తర్వాతే సంగతిలోకి వచ్చేవాడట. రెండేళ్ల కింద ఓ రాత్రి గేటు గదిలో, రిసీవరు చేతిలో ఉండగానే కుర్చీలో ప్రాణం వదిలాడు.

నేను దెయ్యాలను నమ్మను. నల్లగొండలో ఆఫీసు ఫోన్లు బాగుచేసే ఫిరోజ్ నాకంటే మొండి. అందుకే అతను చెప్పింది విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దసరా ముందు రోజు ఆ స్టోరేజీ నుంచి ఫిరోజ్‌కు కబురొచ్చింది. నిమ్మకాయల లారీలవాళ్లు రాత్రిపూట ఫోను చేస్తే గేటు దగ్గర మోగడం లేదట. మోగని సమయంలోనే చూడాలి గనక, ఫిరోజ్ రాత్రి పదింటికి బస్సు దిగాడు. కొత్త వాచ్‌మన్ సైదులు గేటు తీశాడు. కురుమయ్య పోయాక చేరినవాడు, ఆయన్ను ఎన్నడూ చూడలేదు.

"నా పనైతే వెనక గేటు నుంచి పోత, నువ్వు పండుకో" అన్నాడు ఫిరోజ్.

ఆఫీసులో కూర్చుని చూస్తే, రాత్రి వచ్చే ప్రతి కాలూ 109కి పోయేలా పెట్టి ఉంది. పాత లిస్టులో 109 అంటే గేటే. మరి గేటులో ఎందుకు మోగదు? తనే 109 నొక్కాడు.

మోగింది... దూరంగా, నాలుగో గదిలో.

ఒక్క క్షణం ఒళ్లు జలదరించిందట. మరుక్షణం సంగతి అర్థమై పకపకా నవ్వాడు. చనిపోయినవాడి చేతిలో ఉన్న ఫోను ముట్టనని సైదులు మొండికేస్తే, దాన్ని తీసుకుపోయి ఖాళీ గదిలో తగిలించి, గేటులో కొత్తది పెట్టారు. వెనకటి ఫోన్లకు నంబరు తీగతో ఉండేది. ఈ ఇంటర్నెట్ ఫోన్లకు నంబరు ఫోనులోనే ఉంటుంది, ఎక్కడికి మోసుకుపోతే అక్కడికి వస్తుంది. భయపడి దాచినా, కురుమయ్య డ్యూటీ కూడా ఆ ఫోనుతోపాటే నాలుగో గదికి వెళ్లింది. దెయ్యం కథ అయిపోయింది!

ఆ ఫోను చూసి వద్దామని నాలుగో గది గడియ తీసి, సెల్లు లైటుతో లోపలికి వెళ్లాడు.

వెనక... దబ్!

బరువైన తలుపు దానంతటదే మూసుకుంది. బయట గడియ పడింది. లోపలి నుంచి తీసే పిడి విరిగి ఉంది. సెల్లులో సిగ్నల్ లేదు. అరిచాడు, బాదాడు. మందపాటి గోడలు ఆ చప్పుడంతా మింగేశాయి. పండగ తర్వాత సరుకు వస్తుందని గదిని ముందే చల్లబరుస్తున్నారు. దసరాకు రెండు రోజులు బంద్. తను వెళ్లిపోయాడనే సైదులు అనుకుంటాడు.

రెండు రోజులు... ఈ చలిలో. ఫిరోజ్‌కు నిజంగా భయమేసింది.

గోడకు 109 ఉంది కదా! పరుగున వెళ్లి ఎత్తాడు. బయటి నంబర్లు కలవవు, ఆ ఫోనుకు వాటిని బంద్ చేశారు. ఆఫీసుకు చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే రాత్రి కాలు ఎక్కడికి పోవాలి? 109కి. అంటే తన చేతిలోకే!

బిజీ.

లెక్కల గదికి... బిజీ. తూకం గదికి... బిజీ. ఎటు చేసినా తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తోంది. గేటులోని కొత్త ఫోనుది నాలుగంకెల నంబరని మాత్రం విన్నాడు. అదేమిటో ఏ లిస్టులోనూ రాయలేదు. తోచిన అంకెలన్నీ నొక్కాడు, వేళ్లు కొంకర్లు పోయేదాకా నొక్కాడు.

చివరికి రిసీవరు వదిలేశాడు. అది తీగకు వేలాడుతూ ఉండిపోయింది. తలుపు దగ్గర ముడుచుకుని కూర్చుని "యా అల్లా" అనుకున్నాడు. సెల్లు లైటు ఆరిపోయింది.

ఎంతసేపయిందో... చీకట్లో రిసీవరులోంచి సన్నగా వినబడింది.

ట్రింగ్... ట్రింగ్...

అవతల ఎవరికో రింగు పోతోంది. తను నంబరు నొక్కలేదు. చలికి చెవులు గింగురుమంటున్నాయనుకుని కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. చేతిలో టార్చి, భుజాన గొంగడి... సైదులు!

ఫిరోజ్‌ను బయటికి లాగి, గొంగడి కప్పి, చాయ్ తాగించాడు. పళ్లు టకటకలాడటం తగ్గాక ఫిరోజ్ అడిగాడు.

"నేనీడున్నట్టు నీకెట్ల తెల్సు?"

"అగో! నువ్వే గద భాయ్ ఫోన్ జేసినవ్? నాలుగో గదిల మనిషున్నడు, జల్ది రా అని."

"నేను... చెయ్యలే."

సైదులు తేరిపార చూశాడు. "గొంతు ముసలోని లెక్క అనిపించింది గని, సలికి గట్లయిందనుకున్న. ఒక్కటే సమజ్ గాలే..."

"ఏంది?"

"గేట్ల నేనుంటి గద. మరి ఎత్తంగనే, 'ఆఁ... గేటు నుంచి!' అన్నవెందుకు?"

ఇదీ ఫిరోజ్ చెప్పింది. తర్వాత ఆఫీసులో కాల్స్ రికార్డు తీసి చూశాడట. 109 నుంచి గేటుకు కాలు. పందొమ్మిది సెకండ్లు.

రాత్రి కాల్స్ అన్నీ గేటులోని కొత్త ఫోనుకు తిప్పేసి, తలుపుకు కొత్త పిడి వేయించాడు. "మరి 109?" అని అడిగాను.

ఫిరోజ్ తల అడ్డంగా ఊపాడు.

"అట్లనే ఉంచిన అన్నా. డ్యూటీల ఉన్న మనిషిని నేనెట్ల తీసేస్త?"