చదవకుండా ఒప్పుకున్న పదకొండు లైన్లు

ఉదయం ఎనిమిదింటికి, పరాయి దేశపు రైల్వే స్టేషన్లో, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న మన ఏజెంటు పక్కకి ఒరిగిపోయాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. కాల్చినవాడు అటూ ఇటూ వెతకనైనా లేదు. ఏ బెంచీయో ముందే తెలిసినవాడిలా నేరుగా వచ్చి, పని కానిచ్చుకుని పోయాడు.

మధ్యాహ్నం మూడు ముప్పైకి ఇక్కడ మూడో అంతస్తులో పిల్లి ఫోన్ మోగింది. పిల్లి అన్నది డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. బయట బోర్డు చూస్తే అతను పనిచేసేది స్కూళ్లకి హాజరు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో. లోపల తయారయ్యేది మన గూఢచారుల ఫోన్లలో నడిచే రహస్య సాఫ్ట్‌వేర్. వదిన సిఫార్సుతో చేరిన దద్దమ్మ టెస్టర్ వేషంలో పిల్లి ఏడాదిగా అక్కడే కూర్చున్నాడు. ఆ వేషానికి పెద్దగా కష్టపడలేదని మాత్రం చెప్పాలి.

"ట్యాంకరు వచ్చిందా?" అవతల చీఫ్.

"రాలేదు సార్. మోటారు కాలిపోయింది."

సంకేతం కుదిరింది. చీఫ్ గొంతు తగ్గించాడు. "పొద్దున పోయినవాడి ఫోన్లో నిన్ననే మన కొత్త వెర్షన్ ట్రయల్‌కి వేశాం. అందులో ఎవరో ఏదో దూర్చారు. వాడున్న చోటు మనం వెంటాడుతున్న ముఠాకి చేరిపోయింది."

"మిగతా ఎనిమిది మందికీ నాలుగింటికి వెళ్లేది అదే కదా."

"ఆపడానికి లేదు. పాత వెర్షన్ నాలుగింటికే చచ్చిపోతుంది, కొత్తది అందకపోతే వాళ్లకి దిక్కుండదు. శుభ్రం చేసి పంపాలి. వాళ్లలో మీ అన్నయ్య ఉన్నాడు, గుర్తుందిగా?"

"మర్చిపోయే విషయమా సార్."

పోయిన సోమవారం నాటి వెర్షన్ మంచిది. ఆ తర్వాత ఐదు వందల కమిట్లు పడ్డాయి. కమిట్ అంటే ఒక మార్పు; ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో వెర్షన్ కంట్రోల్ అంతా దాచి ఉంచుతుంది. వరసగా చదువుతూ కూర్చుంటే వారం పడుతుంది. అందుకని పిల్లి సరిగ్గా మధ్య కమిట్‌కి దూకాడు. అక్కడి వెర్షన్‌ని టెస్ట్ ఫోన్లో వేసి, జేబులోని పెన్ను పక్కన పెట్టాడు. ఫోన్ దొంగచాటుగా ఎవరితోనైనా మాట్లాడితే పెన్ను కొస ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు. అంటే మొదటి సగం శుభ్రం, దొంగ రెండో సగంలో ఉన్నాడు. మళ్లీ దాని మధ్యకి. ఐదు వందలు రెండు వందల యాభై అయ్యాయి, నూట పాతిక అయ్యాయి. తొమ్మిది దూకుళ్లలో తేలిపోవాలి. దూకుడికి రెండు నిమిషాలు.

నాలుగో దూకుడు దగ్గర హై హీల్స్ చప్పుడు. నల్ల కళ్లద్దాలు నెత్తి మీదకి నెట్టుకుని, ముదురెరుపు లిప్‌స్టిక్‌తో వదిన. ఈ ఆఫీసులో కోడ్ అంతా ఆవిడ చేతి కింద. నాలుగేళ్లుగా మన తరఫున ముఠా మనిషిగా నటిస్తున్నదీ ఆవిడే. ముఠా ఆవిడని తమ మనిషే అనుకుంటోందని చీఫ్ తెగ మురిసిపోయేవాడు.

"ఏంటి మరిదీ, పెన్నుకేసి అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?"

"రాస్తుందో లేదోనని వదినా."

"నువ్వు పనిచేస్తుంటే చూడముచ్చటగా ఉంది. దిష్టి తగులుతుంది, కాస్త ఆపు" అని నవ్వి వెళ్లిపోయింది.

మూడు యాభైకి పెన్ను పట్టిచ్చింది. అది వదిన కమిట్.

పదకొండు లైన్లు. 'నెట్‌వర్క్ తడబాటు సరిచేశాను' అని ముచ్చటైన మెసేజి. లోపల, ప్రతి ఫోనూ ఎక్కడుందో ముఠాకి పంపమని ఉంది. ఒక్క నంబరుకి మినహాయింపు. అది అన్నయ్యది. కింద ఇంకో వరస: రివ్యూ చేసి అప్రూవ్ చేసినవారు, పిల్లి. ఆ రోజు ఇంటికెళ్లే తొందరలో 'వదినదేగా' అనుకుని, ఒక్క లైనైనా చదవకుండా నొక్కేశాడు. ఒళ్లు మండింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

రివర్ట్ కొట్టాడు. రివర్ట్ పాతదాన్ని చెరపదు. జరిగింది జరిగినట్టే ఉంచి, దాని విరుగుడుని పైన చేరుస్తుంది. ద్రోహం చేస్తూ కూడా వదిన ఒక కమిట్‌లో రెండు పనులు కలపలేదు కాబట్టి ఆ పదకొండు లైన్లూ చిక్కు లేకుండా ఊడొచ్చాయి. కలిపి ఉంటే విడదీయడానికి రెండు రోజులు పట్టేది.

కానీ రెండో మనిషి ఒప్పుకోనిదే ఏ మార్పూ లోపలికి పోదు. టెస్టర్ మార్పుని ఒప్పుకునే హక్కు ఒక్కరికే ఉంది.

మూడు యాభై ఆరుకి పిల్లి వదిన క్యాబిన్ తలుపు మూశాడు. ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాడు.

"పొద్దున ఒకడు చచ్చిపోయాడు వదినా."

ఆవిడ స్క్రీన్ చూసింది. బుకాయించలేదు. "పట్టుకుంటామన్నారు. కాలుస్తామనలేదు."

"నమ్మావా?"

"మీ అన్నయ్యకి ఇదే ఆఖరి మిషనని మీ చీఫ్ మూడుసార్లు చెబితే నమ్మాను కదా. ముఠావాళ్లు ఆయన్ని ప్రాణాలతో ఇంటికి పంపిస్తామన్నారు. నాలుగు నిమిషాలు ఊరుకో. నీకు అన్నయ్య దక్కుతాడు."

పిల్లి స్క్రీన్ మీద తన పేరు చూపించాడు. "నీ చేతి అన్నం తిన్నవాణ్ని. నా పేరు వాడుకున్నావు."

"వేరేవాళ్లయితే చదివేవాళ్లు" అంది వదిన, తల దించుకుని.

ఆ మాట పిల్లికి చెంప మీద కొట్టినట్టయింది.

"సరే. ఏడుగురు దొరుకుతారు, అన్నయ్య ఒక్కడే దొరకడు. ఆ ఏడుగురినీ అమ్మింది అన్నయ్యేననరా డిపార్ట్‌మెంటులో? వాడి ఇంటికి ముందొచ్చేది ముఠా కాదు, మనవాళ్లు."

లిప్‌స్టిక్ ఒక్కటే ఎర్రగా మిగిలింది. మిగతా మొహమంతా పాలిపోయింది.

మూడు యాభై ఎనిమిది. వదిన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి రివర్ట్ చదవడం మొదలుపెట్టింది. మొదటి లైను నుంచి పదకొండో లైను దాకా. అతను గడియారం చూస్తూ పళ్లు నూరాడు. తొందరపెట్టడానికి మాత్రం మొహం చెల్లలేదు.

నాలుగింటికి పదకొండు సెకన్లు ఉన్నాయనగా అప్రూవ్ నొక్కింది.

ఎనిమిది ఫోన్లకీ శుభ్రమైన వెర్షన్ వెళ్లింది. పెన్ను నల్లగానే ఉంది. ఐదింటికి ఇద్దరు మనుషులొచ్చి వదినని వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లారు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే ఏం చేసేవాడో పిల్లికీ తెలియదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఆవిడ స్థానంలో ఎవరిని పెట్టమంటావు? నీ పనిని రోజూ చూసేవాళ్లు కావాలి."

"ఎవరైనా పరవాలేదు సార్" అన్నాడు పిల్లి. "నన్ను బొత్తిగా నమ్మనివాళ్లయితే మరీ మంచిది."