ఎవరూ చదవని పదిహేడొందల లైన్లు

"మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి మనవాళ్ళు నలభై ముగ్గురి పేర్లూ, అడ్రసులూ అవతలివాళ్ళ చేతికి వెళ్ళిపోతాయి," అన్నాడు చీఫ్.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. చీఫ్ ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని ఆఫీసులో అందరూ మేధావి అంటారు. బయటి దేశాల్లో మారుపేర్లతో బతికే మన గూఢచారులకి సందేశాలు పంపే ప్రోగ్రాం పదకొండేళ్ళ కిందట ఒంటిచేత్తో రాసిపారేశాడు. అప్పట్నుంచి ఆ పేరు అతుక్కుపోయింది.

"లీకు ఎక్కడ సార్?"

"నీ ప్రోగ్రాంలోనే. పది పన్నెండు లైన్లు దూర్చేశారు."

"మెషిన్ ఆపేద్దాం."

"ఆపిన మరుక్షణం లిస్టు వెళ్ళిపోయేలా కట్టారట. ఆ ముక్క ఏదో వెతికి పీకెయ్యాలి. రాసినవాడివి నువ్వే కదా, నీకెంత సేపు?"

"చూస్తాను సార్," అన్నాడు మేధావి. ఆ ఫైలు తెరిచి ఆరేళ్ళయిందనీ, చివరిసారి తెరిచినప్పుడు తనకే తలాతోకా తెలియక మూసేశాడనీ చెప్పడానికి నోరు రాలేదు. ఆ నలభై ముగ్గురిలో అతని చెల్లెలూ ఉంది. "అన్నయ్య రాసిన ప్రోగ్రాం ఉండగా నాకేం భయం?" అంటూ నవ్వుకుంటూ వెళ్ళింది పిచ్చిపిల్ల.

పదకొండుకి ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూములోకి అడుగుపెట్టాడు. అంటించుకున్న మీసం, భుజాన రెంచీల సంచీ. వేషం ఎందుకంటే, శత్రువులకి అమ్ముడుపోయినవాడొకడు ఈ భవనంలోనే ఉన్నాడు. మేధావి అక్కడ కనిపిస్తే వాడు పన్నెండుదాకా ఆగడు.

లోపల నల్లకళ్ళద్దాలు, నీలం సూటు, ఎత్తుమడమల చెప్పులతో ఒకావిడ కూర్చుని ఉంది.

"ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయా మేడమ్?"

"కారట్లేదు. గడ్డకడుతున్నాయి."

సంకేతపు మాట కలిసింది. ఆవిడే వెల్వెట్. శత్రువులు ఆవిడ తమ మనిషే అనుకుని జీతమిచ్చి మేపుతున్నారు. నిజానికి మన మనిషి. ఈ కబురు మోసుకొచ్చింది కూడా ఆవిడే.

లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పెన్‌డ్రైవ్.

"కోడ్‌ని కొలిచే టూల్ ఇది. ఒక్కో ఫంక్షన్‌లో, అంటే ఒక్కో పని చేసే ముక్కలో, 'ఇలా అయితే అలా చెయ్యి' అనే 'ఇఫ్'లు ఎన్ని, చీలికలు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి స్కోరు ఇస్తుంది. పది లోపుంటే మనిషి బుర్రకి పడుతుంది. ఇరవై దాటితే ఎవరైనా దారి తప్పుతారు."

తెర మీద నంబర్లు వచ్చాయి. నాలుగు, ఏడు, ఆరు. చివర్న రెండొందల పన్నెండు.

"ఇది మీదేనా?"

"నాదే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"వాళ్ళూ ఇదే టూల్‌తో ఈ ఆఫీసు కోడంతా కొలిచారు. కొలిచి, దీన్నే ఎంచుకున్నారు. ఇందులో ఏం దాచినా ఎవ్వరూ చూడరట."

మేధావికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ అది తన గొప్పతనం అనుకున్నాడు. తనకి తప్ప ఎవరికీ అర్థం కాదంటే ఎంత పొంగిపోయేవాడో. ఫైలు తెరిస్తే మొదటి లైన్లోనే అతని సొంత రాత: 'పనిచేస్తోంది. ఎవరూ ముట్టుకోవద్దు.' ఆ మాటని తర్వాత వచ్చినవాళ్ళంతా శిలాశాసనంలా పాటించారు. కొత్త రూలు వచ్చినప్పుడల్లా పాతది కదపకుండా అడుగున ఇంకో 'ఇఫ్' తగిలించి చేతులు దులుపుకున్నారు. అలా పదిహేడొందల లైన్లు పోగయ్యాయి.

"ఇక్కడ టెంప్ త్రీ అని పేరు పెట్టారు, ఏంటిది?" అడిగింది వెల్వెట్.

"గుర్తులేదు."

"ఫ్లాగ్ టూ?"

"అదీ గుర్తులేదు."

"ఫ్లాగ్ టూ న్యూ?"

మేధావి తెర ముందుకి జరిగాడు. పావుగంట చదివాడు. మూడొందలవ లైను దగ్గర తానెక్కడున్నాడో తనకే తెలియలేదు. చెల్లెలి ప్రాణం ఈ చెత్తలో ఎక్కడో ఇరుక్కుని ఉంది, ఆ చెత్త పోసింది తనే. ఏడుపొచ్చినంత పనైంది.

"చదివితే లాభం లేదు, కోద్దాం," అన్నాడు చివరికి.

ఫైలుకి కాపీ తీసి కొయ్యడం మొదలెట్టాడు. మనిషెవరో పోల్చుకునే పని ఒక ముక్క. సందేశం ఏ దారిన పంపాలో తేల్చేది ఒక ముక్క. పంపేది ఇంకో ముక్క. దేనికది విడదీసి, ఏం చేస్తుందో అదే పేరు పెట్టాడు. వెల్వెట్ పక్కనుంచి కొలుస్తూనే ఉంది. రెండొందల పన్నెండు కాస్తా నూట నలభై అయింది, తర్వాత డెబ్బై.

"ఈ చెకింగ్ మూడుచోట్ల ఉందేంటి? ఎవరి పనిది?"

"నాదే."

"తొమ్మిదేళ్ళ కిందటే మానేసిన పద్ధతి ఇంకా వేలాడుతోంది?"

"అదీ నాదే. ఇక అడక్కండి మేడమ్, అన్నీ నావే."

పదకొండూ యాభై ఏడు. ఒక ముక్క మాత్రం కొయ్యకుండానే విడిగా ఊడొచ్చింది. పన్నెండు లైన్లు, చక్కటి పేర్లు, స్కోరు మూడు.

"చూడండి, ఎంత ముచ్చటగా రాశారో. మనవాళ్ళలో కూడా ఒక బుద్ధిమంతుడున్నాడు," అని మేధావి మురిసిపోయి తర్వాతి ముక్క మీదికి వెళ్ళాడు.

"ఆగండి. అది చేసే పనేంటో చదవండి."

చదివాడు. పన్నెండు కాగానే మొత్తం లిస్టు తీసి బయటి నంబరుకి పంపు. మెషిన్ ఆపబోతే వెంటనే పంపు.

అసలు ఫైలు తెరిచి ఆ పన్నెండు లైన్లూ లేపేసి, అలా సరిచేసినదాన్ని మెషిన్ ఆపకుండానే ఎక్కించాడు. తొంభై శాతం. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది దగ్గర కాసేపు కదల్లేదు. పన్నెండుకి రెండు సెకన్లుందనగా పూర్తయింది.

పన్నెండు కొట్టింది. ఏదీ బయటికి పోలేదు. తెర మీద మనిషికొకటి చొప్పున నలభై మూడు పచ్చ చుక్కలూ అలాగే వెలుగుతున్నాయి. వాటిలో చెల్లెలి చుక్క వెతికి చూసుకుని, మేధావి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. లిస్టు ఎందుకు వెళ్ళలేదో చూద్దామని పరిగెత్తుకొచ్చిన ఇంటిదొంగని గుమ్మంలోనే చీఫ్ కాపు పెట్టించిన సెక్యూరిటీవాళ్ళు పట్టుకున్నారు.

"మీలాగే రాయమని వాళ్ళ ప్రోగ్రామర్‌కి ఆర్నెల్లు చెప్పి చూశారట," అంది వెల్వెట్ లిప్‌స్టిక్ సంచీలో వేసుకుంటూ. "పాపం, అతని చేత కాలేదు."

ఇంతలో చీఫ్ ఫోను.

"శభాష్. ఇంతకీ పదిహేడొందల లైన్లలో శత్రువు రాసింది అదేనని ఎలా పట్టావయ్యా?"

మేధావి అంటించుకున్న మీసం పీకేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"చదివితే అర్థమైంది సార్. మొత్తం ఫైల్లో అర్థమైంది అదొక్కటే."