ఎడమ అంచు

ఆ ఇంట్లో కోడళ్ళిద్దరిదీ ఒకటే పని, ఒకటే రకం కెమెరా. అద్దెకిచ్చే ఇళ్ళకీ, అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లకీ గది గదికీ ఫొటోలు తీయడం. కెమెరా అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. దాని లెన్సు ఊడి రాదు. తయారైన రోజున బిగించిందే చివరిదాకా. చిన్నకోడలిని ఈ పనిలో పెట్టిందీ, చెయ్యి పట్టుకుని నేర్పిందీ పెద్దకోడలే. అయినా చిన్నకోడలి కడుపుమంట చల్లారలేదు. దానికి కారణం గుప్పెడంత గాజు.

దాన్ని వైడ్ కన్వర్టర్ అంటారు. ఊడిరాని లెన్సు ముందు సీసా మూతలా తిప్పి బిగిస్తే కెమెరా చూపు వెడల్పవుతుంది. చిన్నకోడలు వీపు గోడకి అంటించి, ఊపిరి బిగపట్టి తీసినా ఒక గోడా, సగం మంచమే పడేవి. పెద్దకోడలు దాన్ని బిగించుకుని అక్కడే నిలబడి మూడు గోడలు పట్టేసేది. "గది చిన్నదండీ" అని బ్రోకరుకి చెప్పుకుంటే నవ్వేవాడు.

"ఆడలేక మద్దెల ఓడని, గదిదేం తప్పండీ? మీ అక్క తీసిన గదుల్లో అయితే పరుగు పందెం పెట్టొచ్చు."

అక్క తీసిన ప్రతి ఫొటో చిన్నకోడలు ఫోనులో పెద్దది చేసి మరీ చూసేది, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూ. లెక్కల్లో ఆమె చురుకు. ఆ చురుకుతోనే ఒక సంగతి పట్టుకుంది. మొదట్లో అక్క ఫొటోలు వెడల్పు మూడు, ఎత్తు రెండు. కొన్నాళ్ళకి నాలుగూ మూడూ అయ్యాయి. ఈమధ్య అచ్చంగా చదరం. కత్తిరింపు ఎప్పుడూ ఎడమవైపే.

"అదేంటక్కా, అంత వెడల్పు పట్టి మళ్ళీ కోసేస్తున్నావు?"

పెద్దకోడలు ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "అంచు బాగా రావట్లేదులే."

"బాగా రాకపోతే నాకిచ్చెయ్."

"నీకొద్దమ్మా."

అంతే అంది. ఆ 'నీకొద్దు' చిన్నకోడలికి గొంతులో ముల్లులా దిగింది. ఉన్నావిడకి విలువ తెలియదు, తెలిసినదానికి ఇవ్వదు.

ఇంతలో కొత్త భవనం పని వచ్చింది. అందులోని ఫ్లాట్లన్నీ ఒక్కరికే ఇస్తానన్నాడు బ్రోకరు. ఇద్దరూ ఒకే ఫ్లాటు తీసి పంపాలి, ఎవరిది బాగుంటే వాళ్ళదే పని. ఇది దక్కితే ఇక అక్క చెయ్యి పట్టుకుని నడవక్కర్లేదు, పక్కన సమానంగా నడవొచ్చు. అక్క అప్పటికే చదరపు ఫొటోలు పంపేసింది. "మీ అక్క గదులు చిక్కిపోతున్నాయేంటండీ, బెంగా?" అన్నాడు బ్రోకరు.

ఆ మధ్యాహ్నం పెద్దకోడలు స్నానానికి వెళ్ళినప్పుడు, అలమారలోని కన్వర్టర్ చిన్నకోడలి సంచిలోకి మారింది.

సాయంకాలపు ఎండ అడ్డంగా పడుతున్న వేళ ఆమె ఆ ఫ్లాటు తలుపు తీసింది. తడి సిమెంటు వాసన, రంగు వాసన. ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. తలుపు చట్రానికి వేసిన నీలం రంగు ఇంకా ఆరలేదు. ఆమె ఎడమ బొటనవేలికి అంటుకుంది. ఆ వేలి మీద చిన్నప్పటి కత్తిగాటు ఒకటుంది, అడ్డంగా. రంగు ఆ గాటులోకి దిగి, ఎంత తుడిచినా వదల్లేదు.

హాల్లో మూల నిలబడి తీసింది. గోడలు పీపాలా ఉబ్బాయి. కన్వర్టర్ బిగించిన సంగతి మెనూలో కెమెరాకి చెప్పలేదు మరి. చెప్పి మళ్ళీ తీసింది. గోడలు నిటారుగా నిలబడ్డాయి. మూడు గోడలు, బాల్కనీ, ఆకాశం ముక్క కూడా. ఇన్నాళ్ళూ అక్క ఒక్కతే అనుభవించిన వెడల్పు ఇది.

ఎడమ అంచున ఏదో పసుపు చార.

వైడ్‌లో అంచునున్నది సాగుతుంది. కుర్చీ కూడా సోఫాలా కనబడుతుంది. రంగుల వాళ్ళు మరిచిపోయిన గుడ్డేమో అనుకుంది. తలతిప్పి చూస్తే ఎడమవైపు ఖాళీ గోడ.

పడకగదిలో తీసింది. చార ఇంకాస్త లోపలికి వచ్చింది. పెద్దది చేసి చూసింది. చార కాదు... భుజం. భుజం మీద సాగిపోయిన చెంప.

"ఎవరది?"

ఖాళీ గదులు ఆమె మాటే ఆమెకి తిప్పి చెప్పాయి. కుళాయి కారడం ఆగింది.

బుర్ర లెక్కని పట్టుకుంది. ఇది గాజులో మెరుపు. కన్వర్టర్ తీసేస్తే వెడల్పులో ముప్పావు వంతే మిగులుతుంది. అంచునున్నది ఏదైనా బయటికి పోవాల్సిందే. తీసి సంచిలో పెట్టింది. కాళ్ళు కదపకుండా, అదే చోటునుంచి మళ్ళీ నొక్కింది.

పోలేదు.

ఇరుకైన ఫొటోలోనూ ఎడమ అంచునే ఉంది. అంటే... లోపలికి జరిగింది. ఇప్పుడు సాగదీత కూడా లేదు. స్పష్టంగా ఉంది. పసుపు కుర్తా. తను వేసుకున్న కుర్తా. తన జడ. తన ముఖం. ఎడమ చెయ్యి కొద్దిగా ముందుకి చాచి ఉంది. బొటనవేలు నీలంగా ఉంది.

అది కెమెరా వంక చూడటం లేదు. కెమెరా పట్టుకున్న చేతుల వంక చూస్తోంది. ఆ చూపుని ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ ఏ చూపో తెలుసు. రోజూ వంటింట్లో అక్క కెమెరా తుడుచుకుంటుంటే... ఎదురుగా కూర్చుని...

ఫోను మోగింది. పెద్దకోడలు.

"కన్వర్టర్ నువ్వు తీసుకెళ్ళావా?"

"ఒక్క గంట అక్కా. ఇచ్చేస్తాను."

పెద్దకోడలు గొంతు తగ్గించి అడిగింది. "ఎడమవైపు చూశావా?"

"...చూశాను."

"మొదట్లో కొనవేళ్ళే కనబడేవి. కోసేసేదాన్ని. నెల నెలా జరుగుతూ వచ్చింది."

"అది నేనని తెలుసా నీకు?"

"ముఖం పడ్డాక తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నీ ఏడుపు నా ఫొటోల్లో పడుతోందనా? ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. అత్తయ్య చెవిన పడితే ఇంకేమైనా ఉందా? అసలే నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటుంది."

"ఇప్పుడు అది నా చేతికి వచ్చిందిగా అక్కా. ఇంకా ఎందుకు నిలబడింది?"

పెద్దకోడలు అంది. "నీకు దొరికింది. దానికి దొరకలేదు కదమ్మా."

ఫోను పెట్టేశాక కూడా ఆమె ఎడమవైపు చూడలేదు. చూడకుండానే మిగతా గదులు తీసింది. కన్వర్టర్ మళ్ళీ బిగించి తీసింది. ఏడ్చుకుంటూనే తీసింది. వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే పని అక్కకే పోతుంది. ఆ ఆలోచన భయం కన్నా ముందు వచ్చింది.

మెట్ల మీద కూర్చుని ఫొటోలు కోసింది. మూడుకి రెండు నుంచి నాలుగుకి మూడు. భుజం మిగిలింది. చదరం చేసింది. పోయింది. పంపింది.

బ్రోకరు జవాబు వెంటనే వచ్చింది. "ఇవీ చదరమేనా, ఇంటి జబ్బా ఏంటండీ? వెలుగు మాత్రం బాగా పట్టారు. పని మీదే."

ఆమెకి నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. కన్వర్టర్ విప్పి, కెమెరాని సంచిలో పెట్టబోతూ ఆగింది. లెన్సు మీద మరక.

కుర్తా అంచుతో తుడిచింది. పోలేదు. ఊదింది, మళ్ళీ తుడిచింది. మెట్ల కిటికీ దగ్గర మిగిలిన వెలుగులోకి ఎత్తి పట్టింది. నీలం రంగు బొటనవేలి ముద్ర. మధ్యలో అడ్డంగా సన్నని గాటు గీత.

ముద్ర గాజుకి ఇవతల లేదు. అవతల, లోపలి వైపునుంచి ఒత్తి ఉంది. ఊడిరాని లెన్సు అది. ఏ వేలూ దూరదు.

మెల్లగా తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది.

బొటనవేలు శుభ్రంగా ఉంది. రంగు లేదు. గాటు కూడా లేదు.