అయిదు సెకన్ల వెలుగు

దీపం అంటే మనం వెలిగించేది అనుకుంటాం. ఆ ఇంట్లో మాత్రం దీపమే మనిషిని చూసి వెలిగేది.

పాత ఇంటిని బాగుచేయించుకుంటూ దీపాల పనంతా ఒకామెకు అప్పగించారు. ఏ గదిలో ఎంత వెలుగు ఉండాలి, అది పైనుంచి పడాలా, గోడ మీదుగా జారాలా, భోజనాల బల్ల మీద పసుపు కాంతి బావుంటుందా, తెల్ల కాంతా... ఇవన్నీ కాగితం మీద గీసి, పనివాళ్ళతో పెట్టించి ఇవ్వడం ఆమె వృత్తి. ఆ ఇంటి పెద్దావిడ మొదటిరోజే ఆమెకు దీపాలమ్మాయి అని పేరు పెట్టింది. ముప్పై ఆరేళ్ళ మనిషిని పట్టుకుని అమ్మాయేమిటని కోడలు నవ్వితే, "నా డెబ్బై ఎనిమిది ముందు ఆ ముప్పై ఆరు ఏ మూలకి?" అంది. అప్పట్నుంచి అందరికీ ఆమె దీపాలమ్మాయే.

పెద్దావిడ గది ఇంటికి వెనక వైపు. అక్కణ్ణుంచి హాల్లోకి రావాలంటే సన్నటి నడవా, నడవా చివర కిందికి రెండు మెట్లు. ఆ నడవా అంటే దీపాలమ్మాయికి ప్రాణం. గోడ పొడవునా మోకాలి ఎత్తులో మూడు చిన్న దీపాలు పెట్టించింది. ఒక్కోదాని పక్కనే బఠాణీ గింజంత కన్ను. మనిషి కదిలితే ఆ కన్ను చూస్తుంది, దీపం వెలుగుతుంది. కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. మూడింటికీ కలిపి ఒకే స్విచ్, అదీ హాల్లో, కోడలి గది పక్కన.

"నా మంచం దగ్గర కూడా ఒక్క స్విచ్ పెట్టించు తల్లీ," అని పెద్దావిడ అడిగింది.

"ఎందుకు అమ్మమ్మా, నున్నటి గోడకి మొటిమలా? దీపమే మిమ్మల్ని చూసి వెలుగుతుందిగా."

"నన్ను చూసి వెలిగే మొహాలేవీ ఈమధ్య కనబడ్డంలేదే."

"నా మొహం వెలగట్లేదా అత్తయ్యా?" అంది కోడలు.

"నీదా? కరెంటు పోయినా వెలుగుతుందిలే."

చిత్రమేమిటంటే దీపాలమ్మాయి సొంత ఇంట్లో ఇలాంటి దీపం ఒక్కటీ లేదు. అన్నీ మామూలు స్విచ్చులే. రోజంతా అవే చూస్తాను, ఇంట్లో కూడా అవే నన్ను చూడాలా అనేది.

ఆ కన్ను వెనక, మూత కింద, చిన్న చక్రం ఉంటుంది. దీపం ఎంతసేపు వెలగాలో దాంతో పెడతారు. బిగించేటప్పుడు అయిదు సెకన్లకి తిప్పుతారు, పనిచేస్తోందో లేదో చూడ్డానికి నిమిషాలకొద్దీ నిలబడక్కర్లేకుండా. చూసుకున్నాక రెండు నిమిషాలకి మార్చాలి. ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. దీపాలమ్మాయి మార్చబోయి ఆగింది. మర్నాడు తన పనిని ఫొటోలు తియ్యడానికి ఫొటోలవాళ్ళు వస్తున్నారు. అయిదు సెకన్లయితే నడిచే మనిషి వెనక దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ వస్తాయి, చీకటి కొంగు పట్టుకుని వెంట నడుస్తున్నట్టు. చూడ్డానికి ఎంత బావుంటుందో. ఫొటోలయ్యాక మార్చుదాం అనుకుంది. ఫొటోలయ్యాయి. ఇంకో ఇంటి పని తగిలింది. మరిచిపోయింది.

నెలయ్యాక ఇల్లెలా ఉందో చూసి పోదామని వెళ్తే, పెద్దావిడ నడవాలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"నీ దీపానికి నేను ఆననమ్మాయ్. సగం దారిలో కన్ను మూసేస్తోంది."

పాపం, ఆవిడది అడుగు తీసి అడుగేసే నడక. చెప్పులు ఈడ్చుకుంటూ సర్... సర్... అని వస్తుంది. దీపాలమ్మాయికి చక్రం సంగతి చప్పున గుర్తొచ్చింది. కానీ స్క్రూడ్రైవరు కారులో ఉంది. ఇంకోచోట ఎవరో ఎదురుచూస్తున్నారు. పైగా మరిచిపోయానని చెప్పడానికి నామోషీ.

"కాస్త గబగబా నడవండి అమ్మమ్మా, అప్పుడు ఆనుతారు," అనేసింది.

హాల్లోంచి వింటున్న కొడుకు నవ్వాడు. కోడలు నవ్వింది. పెద్దావిడా నవ్వింది, అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ ఇంట్లో ముందు నోరు జారింది, నాలుగో రోజున కాలు జారింది. రెండూ ఎవరూ తీసుకోలేకపోయారు. చీకట్లో ఆ రెండు మెట్ల దగ్గర పడిన పెద్దావిడ మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూసింది.

ఫోన్‌లో ఆ కబురు విన్నప్పుడు దీపాలమ్మాయికి ముందు గుర్తొచ్చింది పెద్దావిడ మొహం కాదు, చక్రం. అది తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది.

ఏడు వారాల తరవాత కోడలు ఫోన్ చేసింది. "నడవాలో దీపాలు వాటంతటవే వెలుగుతున్నాయక్కా. రోజూ దీపాలు పెట్టే వేళకి. ఒకసారి వచ్చి చూస్తావా?"

వస్తానంది. దీపాలు బాగుచెయ్యడానికి కాదు. ఎవరూ చూడకుండా ఆ చక్రాలు తిప్పేసి రావడానికి.

దీపాల పని వెలుతురుండగా తెలీదు కనక పొద్దుగుంకే వేళకే వెళ్ళింది. కోడలు బాగా చిక్కిపోయింది. మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ గొంతు తగ్గించి చెప్పింది. "ఆ రోజు హాల్లో స్విచ్ నేనే ఆపేశానని ఆయన అనుమానం. పైకి అనరు. కానీ ఏడు వారాలుగా నాతో సరిగ్గా మాట్లాడరు. నేను ముట్టుకోలేదక్కా. ఒట్టు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దీపాలమ్మాయి స్క్రూడ్రైవరున్న సంచీ తడుముకుంది.

"నువ్వు హాల్లోనే ఉండమ్మా. కరెంటు పని, దగ్గరికి రాకు," అని అబద్ధమాడి ఒక్కతే నడవాలోకి వెళ్ళింది.

కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. పెద్దావిడ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నేల మీద కూర్చుని మొదటి మూత తీసింది. చక్రం అయిదు దగ్గరే ఉంది, తను వదిలేసిన చోటే. రెండు నిమిషాలకి తిప్పి మూత పెట్టింది. రెండోది తిప్పింది. మెట్ల దగ్గరి మూడోదీ తిప్పింది. హమ్మయ్య అనుకుని లేచి నిలబడింది.

దీపాలన్నీ ఆరిపోయాయి.

చెయ్యి ఊపింది. వెలగలేదు. రెండు చేతులూ ఊపింది. కన్నుకి ఎదురుగా వంగి మొహం పెట్టింది. బఠాణీ గింజంత కన్ను ఆమెను చూస్తూనే ఉంది... చూడనట్టే ఉంది. స్విచ్ కోసం గోడ తడిమింది. నున్నటి గోడ. తను కోరి చేయించిన గోడ.

అప్పుడు ఆ చివర, పెద్దావిడ గుమ్మం పక్కన, మొదటి దీపం వెలిగింది.

అక్కడ ఎవరూ లేరు.

సర్... సర్...

ఆమె లెక్కపెట్టలేదు, లెక్క దానంతటదే నడిచింది. ఒకటి... రెండు... అయిదు. దీపం ఆరింది. ఇప్పుడే కదా రెండు నిమిషాలకి తిప్పింది.

చీకటి. సర్... మోకాళ్ళకి రాసుకునే నొప్పుల మందు వాసన. నడి దీపం వెలిగింది. కింద ఖాళీ నేల. అయిదు. ఆరింది.

సర్...

ఆమె మోకాలి పక్కనున్న దీపం వెలిగింది. వాసన ముక్కుల్లోకి వచ్చింది. చెవి పక్కన చల్లగా ఎవరో ఊపిరి తీసుకున్నారు. తిట్టినట్టు కాదు, నడక నేర్చుకునే పిల్లకి చెప్పినట్టు, మెల్లిగా...

"కాస్త గబగబా నడవమ్మా..."

ఆమె వెనక్కి అడుగేసింది. అడుగు కింద నేల లేదు.

ఆమె హాల్లోకి పడ్డ చప్పుడుకి కోడలు పరుగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే కొడుకు ఇంట్లోకి వచ్చాడు. చీకటి నడవా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"మళ్ళీ ఆపేశావా?"

"నేను ముట్టుకోలేదండీ," అంది కోడలు నేల చూస్తూ.

చెప్పాల్సిన మాట దీపాలమ్మాయి నాలుక చివర ఉంది. తేలు కుట్టిన దొంగలా దాన్ని మింగేసింది. "నా కాలే జారింది," అని మాత్రం అంది.

కుంటుతూ వెళ్తుంటే కోడలు చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది. "నువ్వయినా నమ్ముతావా అక్కా?"

"నమ్ముతానమ్మా," అంది దీపాలమ్మాయి.

ఆ రాత్రి దీపాలమ్మాయి ఉండే భవనం మెట్ల మీద దీపం ఆమెను చూసి వెలగలేదు. పై అంతస్తు ఆయన వస్తే వెలిగింది. మర్నాడు దుకాణం అద్దాల తలుపు ఆమె ముందు తెరుచుకోలేదు, ఇంకెవరో వచ్చేదాకా నిలబడింది. ఆఫీసులో చేతులు పెడితే నీళ్ళొచ్చే పంపు ఆమె చేతుల కింద ఎండిపోయినట్టు ఉండిపోయింది. మూడు రోజులు. ఏ కన్నూ ఆమెను చూడలేదు. పెద్దావిడకి ఎలా ఉండేదో అని ఆ పంపు దగ్గర నిలబడి మొదటిసారి అనుకుంది.

నాలుగో రోజు సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి ఇద్దరి ముందూ చెప్పేసింది. అయిదు సెకన్లు, ఫొటోలు, కారులో స్క్రూడ్రైవరు, మొన్న దొంగతనంగా తిప్పడానికి రావడం, అన్నీ. తల ఎత్తకుండా చెప్పింది.

కొడుకు వెళ్ళి మూడు మూతలూ తీశాడు. చక్రాలు మూడూ అయిదు దగ్గరే ఉన్నాయి. వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. భార్య వైపు చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి చూసింది కానీ అందుకోలేదు.

"ఆ రోజు అత్తయ్య కూడా నవ్వింది కదక్కా," అంది కోడలు దీపాలమ్మాయితో. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది ఆమె. "నువ్వు వెళ్ళాక గదిలో గోడ పట్టుకుని గబగబా నడవడం అలవాటు చేసుకుంది. ఆ మూల నుంచి ఈ మూలకి. మూడు రోజులూ. నేను గుమ్మంలోంచి చూసి మళ్ళీ నవ్వాను."

దీపాలమ్మాయి సెలవు కూడా అడక్కుండా వచ్చేసింది.

తన భవనం కింద మెట్ల దగ్గరికి రాగానే దీపం వెలిగింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. చెప్పేశాను కదా, చూసింది, అనుకుంది.

తల ఎత్తితే... వెలిగింది తన తల మీది దీపం కాదు. నాలుగు మెట్ల పైది.

సర్... సర్...

అయిదు సెకన్లకి ఆరింది. దాని పైది వెలిగింది. ఆమె వెనకాలే ఎక్కింది, మెల్లిగా. ఇంకా మెల్లిగా. ఎంత మెల్లిగా ఎక్కినా, ముందున్న అడుగు ఆమెకన్నా ఒక్క పిసరు నెమ్మదిగానే ఉంది. మూడో అంతస్తులో, ఆమె గుమ్మం ముందు, ఆ చప్పుడు ఆగింది. అక్కడి దీపం వెలిగింది.

అయిదు దాటింది. పది దాటింది. ఆరలేదు. తాళంచెవి చేతిలో పట్టుకుని లెక్కపెడుతూ నిలబడింది. సరిగ్గా రెండు నిమిషాలు వెలిగి, ఆరింది.

అప్పుడు తాళం వేసిన తలుపు అవతల, అలాంటి దీపం ఒక్కటీ లేని ఆమె ఇంట్లో, మోకాలి ఎత్తులో ఎక్కడో ఒక చిన్న వెలుగు వచ్చి, తలుపు కింది సందులోంచి ఆమె పాదాల మీద పడింది.