ముప్పై వేలు దాటని టేబుల్

"ముప్పై వేలు. ఒక్క రూపాయి పెరిగినా నాకు టేబుల్ వద్దు," అంది ఆ అమ్మాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

రెండు వీధుల అవతల టైలరింగ్ షాపు ఆమెది. బట్ట పరిచి కత్తిరించుకోడానికి పెద్ద టేబుల్, దాని కింద ఆరు సొరుగులు కావాలట. వడ్రంగిని కదా, కొలతలు చూశాను, లెక్క వేశాను, ముప్పై మూడున్నర అవుతుందన్నాను. ఆమె బేరమాడలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"ముప్పైకే చేస్తాడమ్మా," అన్నాడు మా నాన్న వెనకనుంచి.

ఆమె వెళ్ళాక నాకు అసలు వడ్డన మొదలైంది. పోయిన నాలుగు ఆర్డర్లలోనూ నేను చెప్పిన ధర దాటాను. వాళ్ళు అడక్కుండానే అంచులకు నగిషీలు చెక్కి, ఇత్తడి పిడులు బిగించి, ఖర్చు మా నెత్తినే వేసుకున్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇదీ దాటిందంటే ఇక ఆర్డరు పని బంద్, తలుపు చట్రాలు తప్ప మరేం చెయ్యం అని నాన్న తేల్చేశాడు.

తలుపు చట్రాలంటే జీవితాంతం నాలుగు కర్రలు, నాలుగు మూలలు. తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ధర ఎక్కడ పెరుగుతోందని అడిగింది. ప్లైవుడ్ అయిదు షీట్లు పడుతుందని, ఒక్కోటి మూడున్నర వేలని చెప్పాను. నాలుగు చాలవా అంది. చాలవన్నాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, వినలేదు. టేబుల్లోని ప్రతి ముక్కనూ అదే కొలతకు కాగితంలో కత్తిరించి తెచ్చింది. నేల మీద షీటు పరిపించి, దాని మీద కాగితాలు పేర్చడం మొదలుపెట్టింది.

"చెక్క బట్ట కాదండీ," అన్నాను.

"ఏదైనా ఒకసారి కోశాక మళ్ళీ అతకదు కదండీ. అందుకే ముందే చూసుకోవాలి."

చెక్క మీద గీతలన్నీ ఒకే దిక్కున పోవాలని మెలిక పెట్టాను. బట్టకీ నిలువు పోగు ఉంటుందని, అది చూసుకునే పేర్చానని నవ్వింది. పెద్ద ముక్కల మధ్య మిగిలిన సందుల్లో సొరుగుల పక్కలన్నీ సర్దేసింది. సరిగ్గా నాలుగు షీట్లు. నేను నోరెళ్ళబెట్టాను. నిజం చెప్పొద్దూ, అప్పటికే కాగితాలు చూడటం మానేసి ఆమె చేతులు చూస్తున్నాను.

ఆ పాపం కోతప్పుడు పండింది. ఆఖరి షీటులో సొరుగుల ముక్కలు అరంగుళం పొట్టిగా వచ్చాయి. కత్తెర బట్టను తినదు గానీ రంపం ప్రతి కోతకీ బ్లేడు మందమంత చెక్కను పొట్టు చేస్తుంది. ఆమెకు తెలియకపోవచ్చు. పదేళ్ళుగా రంపం పట్టిన నాకేమైంది? తల కొట్టేసినట్టయింది.

ఎప్పటిలా నా జేబులోంచి ఇంకో షీటు తెచ్చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. ప్లైవుడ్ కొట్టుదాకా వెళ్ళాను కూడా. కానీ నన్ను ముంచిన బుద్ధి అదే కదా. వెనక్కి తిరిగి, నేరుగా ఆమె షాపుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె నుదురు కొట్టుకుంది. "ప్రతి కుట్టుకీ అరంగుళం వదిలే దాన్ని, రంపానికి వదల్లేదు చూడండి." కాస్త ఆలోచించి అడిగింది, "సొరుగుల లోతు అరంగుళం తగ్గిస్తే?"

"దారపు ఉండలకి తేడా తెలియదు."

"అయితే తగ్గించండి."

నగిషీ లేదు, ఇత్తడి లేదు. పని చూడ్డానికని ఆమె రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటుంటే, ఆరు సొరుగులూ వేలితో తోస్తే మెత్తగా లోపలికి వెళ్ళేలా చేశాను. అంత నున్నటి పని నా చేత్తో అంతకుముందు జరగలేదు. నాన్న బిల్లులన్నీ కూడి, నమ్మకం లేక మళ్ళీ కూడాడు. ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందలు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, వచ్చే నెలనుంచి ఆర్డర్లన్నీ నువ్వే చూసుకో అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

టేబుల్ ఆమె షాపులో దింపాక, నాన్న సొరుగులు పరీక్షిస్తూ కింద కూర్చున్నాడు. ఆమె కొత్త బట్ట పరిచి కత్తెర అందుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకున్నాను.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాను.

ఆమె తలెత్తలేదు. ఆ చివరనుంచి ఈ చివరదాకా బట్ట కత్తిరించడం పూర్తిచేసి, కత్తెర పక్కన పెట్టింది.

"ముక్కలన్నీ రెండో రోజే పేర్చేశాను. ఆ తర్వాత ఎనిమిది రోజులు రంపపు పొట్టు పీల్చుకుంటూ మీ వర్క్‌షాపులో ఎందుకు కూర్చున్నాననుకున్నారు?"

టేబుల్ కింద, నాన్న ఒకే సొరుగును నాలుగోసారి తెరిచి మూస్తున్నాడు. పైకి లేవకుండానే ఫోన్ తీసి అమ్మకు కలిపాడు.

"ఏమే, వీడు ఈసారి లెక్క దాటలేదు. అవును, నిజంగానే. నువ్వు ఉన్నపళంగా బయల్దేరి టైలర్ షాపుకి రా. టేబుల్ తర్వాత చూద్దువుగాని, ముందు అమ్మాయిని చూద్దువు."