మూడో పంక్చర్

“ఎవ్వరూ గడప దాటడానికి వీల్లేదు!”

నాన్న కేకకి, టీ కప్పుతో మేడ దిగుతున్న పిట్ట మెట్ల మీదే ఆగిపోయింది. ఇంటి ముందుగదిలోనే సైకిల్ షాపు. అక్కడ గోడకి ఆనించిన తన సైకిలు మెట్ల మీద నుంచే కనిపిస్తోంది. వెనక చక్రం రాయిలా గట్టిగా ఉంది. ముందు టైరు మాత్రం చప్పగా అణిగిపోయి, రిమ్ము నేలకి ఆనుకుంది.

ఐదు రోజుల్లో ఇది మూడోసారి. మూడుసార్లూ ముందు చక్రమే.

పందెం రేపు తెల్లవారగానే. మూడు వందల ఇరవై కిలోమీటర్లు, అందులో ముప్పాతిక వంతు కంకర దారి. ఇవాళ మధ్యాహ్నం బయలుదేరితేనే సాయంత్రానికి పందెం మొదలయ్యే ఊరికి చేరగలరు. ముప్పై నాలుగేళ్ల పిట్ట, ప్రింటింగ్ ప్రెస్సులో రోజంతా నిలబడి పనిచేసి, ఆ పైన ఏడాదిపాటు రోజూ సైకిలు తొక్కింది ఈ ఒక్క రోజు కోసమే. పోయినేడు ఇదే పందెంలో, ఏడు కిలోమీటర్ల దిగుడులో, ముందు చక్రంలో గాలి పోయి ఎగిరి పడింది. విరిగిన భుజం ఎముకకి వేసిన ఇనప పట్టీ ఇంకా లోపలే ఉంది.

ఈసారి పూర్తిచేసి తీరాలని పంతం. మళ్లీ అదే దిగుడు. మళ్లీ అదే ముందు చక్రం.

“నిన్న సాయంత్రం నేనే ట్యూబు మార్చాను. వీధి తలుపు తాళంచెవి నా దిండు కిందే ఉంది. ఇక మిగిలింది ఇంట్లోకి తెరుచుకునే తలుపు,” నాన్న ఒక్కో మాటా నొక్కి పలికాడు. “అంటే, ఇది చేసినవాడు బయటివాడు కాదు.”

ఇంట్లో ఉన్నది నలుగురే. పిట్ట, ఆమె భర్త, అమ్మ, నాన్న.

భర్త నోట్లో బ్రష్షుతోనే దిగి వచ్చాడు. అతను సర్వేయరు. భార్యకి సాధన సాగుతుందని నెల రోజులుగా అత్తవారింటి మేడమీద గదిలో ఉంటూ, అక్కణ్నుంచే పనికి వెళ్లి వస్తున్నాడు.

“పొద్దున్నే పోలీస్ స్టేషన్ తెరిచారేంటి మామయ్యగారూ?”

“మీరు వచ్చేశారుగా అల్లుడుగారూ, ఇక కేసు తేలిపోతుంది.”

ఆ మాటలో నవ్వు లేదు. అల్లుడు బ్రష్షు తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ ఇద్దరి మధ్యా నెల్లాళ్లుగా నలుగుతున్న గొడవ టైర్లదే. ఆ దారి మీద రాళ్లు ఎంత లావున్నాయో స్వయంగా కొలిచి వచ్చిన అల్లుడు, వెడల్పాటి ట్యూబ్‌లెస్ టైర్లు వేద్దామన్నాడు. లోపల పోసిన జిగురు ద్రవం చిన్న చిన్న చిల్లుల్ని దానంతటదే పూడ్చేస్తుందని చెప్పాడు. నలభై ఏళ్లుగా చక్రాలు బాగుచేస్తూ ఊరందరి చేతా చక్రాల డాక్టరు అనిపించుకున్న నాన్న ససేమిరా అన్నాడు. “కంటికి కనపడని జిగురుని నమ్మి నా కూతుర్ని కొండ దించమంటారా?” అని ఎగిరిపడ్డాడు. చివరికి వెడల్పాటి టైరు అల్లుడి మాట, దాని లోపల ట్యూబు మామ మాట అని రాజీ కుదిరింది. “కొత్త కాపురంలా సర్దుకుపోతాయిలే,” అని అమ్మ నవ్వింది అప్పుడు.

ఇప్పుడు అమ్మ వంటింటి గుమ్మం దగ్గర చెంగు నులుముతూ నిలబడింది.

“ట్యూబు పనికిరాదని నిరూపించాలనేగా ఇదంతా?” అన్నాడు నాన్న.

“నా పెళ్లాం చక్రానికి నేనే చిల్లు పెడతానా? ఆ దిగుడులో గాలి పోతే విరిగేది ఎవరి మెడ?”

“అదే నేనూ అడుగుతున్నా.”

“నాన్నా! ఏం మాటలవి?” పిట్ట మిగిలిన మెట్లు గబగబా దిగింది. “ముందు చక్రం విప్పు. చిల్లు ఎక్కడుందో చూద్దాం.”

నాన్న చక్రం ఊడదీసి, టైరు ఒక అంచు తప్పించి, ట్యూబు బయటికి లాగాడు. పాత ట్యూబులు రెండూ మేకుకి వేలాడుతున్నాయి. మూడూ పక్కపక్కన పరిచాడు. మూడింటికీ వాల్వు నుంచి సరిగ్గా జానెడు దూరంలో, ఒకే వైపు, సూదిమొన అంత చిల్లు.

అల్లుడు వంగి చూశాడు. “అన్నీ ఒకే చోట ఉన్నాయంటే టైరులోనే ఏదో గుచ్చుకుని ఉంది మామయ్యగారూ.”

“ఆ మాత్రం నాకు తెలీదా? చిల్లు పడ్డ ప్రతిసారీ చూశాను. ఇప్పుడూ చూస్తాను, మీ కళ్లెదుటే.”

నాన్న కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్లు టైరు లోపల పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ఒకసారి, రెండోసారి. చిన్నప్పటి నుంచి పిట్టకి ఆ దృశ్యం కొత్త కాదు. చిన్న ముల్లు ఉన్నా ఆ వేళ్లు ఠక్కున ఆగిపోయేవి. ఇవాళ ఎక్కడా ఆగలేదు.

“లేదు,” అంటూ కళ్లు తెరిచాడు. “నా వేళ్లకి తగలకుండా టైరులో ఏదీ దాక్కోలేదు. ఎవరో గుర్తుపెట్టుకుని మరీ అదే చోట గుచ్చుతున్నారు. ఈ ఇంట్లోనే ఉంటూ, నా తిండి తింటూ, నా బిడ్డని...”

“చాలు!” అల్లుడు బ్రష్షు నేలకేసి కొట్టాడు. “హంతకుడన్న మాట ఒక్కటే తక్కువైంది. నా సంచి సర్దుకుంటా. పిట్టా, నీకు నా మీద నమ్మకం ఉంటే నువ్వూ రా. లేకపోతే మీ నాన్నతోనే వెళ్లు పందేనికి.”

ధడధడమని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పిట్ట అతని వెనకాలే వెళ్లబోయి ఆగింది. ఇప్పుడు విప్పిన ట్యూబు మీద ఏదో కనిపించింది. ట్యూబు టైరుకి అంటుకోకుండా నాన్న పూసే తెల్లటి పౌడరు మీద, చిల్లుకి పక్కనే, మూడు గోధుమరంగు మరకలు. వేలితో గీకి చూసింది.

“నాన్నా, ఇది నెత్తురు.”

మేడమీద బీరువా తలుపు దభీమన్న చప్పుడు వినిపించింది.

“వాడి వేలు కూడా తెగిందన్నమాట,” నాన్న కళ్లు మెరిశాయి. “మంచిదే. పిలు మీ ఆయన్ని. చేతులు చూపించమను!”

“అక్కర్లేదు,” అంది అమ్మ.

ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఎడమ బొటనవేలికి గుడ్డపట్టీ. “నేనే గుచ్చాను. పోయినేడు ఆసుపత్రిలో దీన్ని చూశాక నాకు కంటిమీద కునుకు లేదు. మళ్లీ అదే కొండకి పంపడం నా వల్ల కాలేదు. ఆ అబ్బాయిని ఏమీ అనకండి.”

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. “ముప్పై ఆరేళ్లుగా నా పక్కన ఉంటూ... నువ్వా?”

పిట్ట మాత్రం ట్యూబు వంకే చూస్తోంది. “దేంతో గుచ్చావమ్మా?”

“సూదితో.”

“టైరు విప్పావా?”

“విప్పడం నాకేం తెలుసే? బయటినుంచే పొడిచా.”

“బయటినుంచి పొడిస్తే, లోపలున్న ట్యూబుకి నీ నెత్తురెలా అంటింది?”

అమ్మ చూపు పక్కకి తప్పించింది. అబద్ధం చెప్పడం ఆవిడకి ఎప్పుడూ చేతకాదు. ఎవర్నో కాపాడుతోంది. ఎవర్ని? పిట్ట అమ్మ చూపు వెంటే చూసింది. ఆ చూపు నాన్న మోకాలి మీదున్న కుడిచేతి దగ్గర ఆగింది.

చూపుడువేలి చివర సన్నటి గీత. దాని కింద పాత గీతలు మరో రెండు. నెత్తురు బొట్టు ఉబ్బి, జారి, నేలమీద పడింది. నాన్న చూడలేదు. అసలు ఆయనకి ఆ సంగతే తెలియలేదు.

పిట్ట టైరు తీసుకుని, బల్ల మీదున్న దూదిని లోపల చుట్టూ రాసింది. నాన్న ఎప్పుడూ వాల్వుకి ఎదురుగా ఉండేలా ఎక్కించే కంపెనీ పేరు అచ్చు నుంచి జానెడు దూరంలో దూది చిక్కుకుంది. పట్టకారుతో లాగితే వచ్చింది. వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ ముక్క.

“పోన్లే, జరిగిందేదో జరిగింది,” నాన్న భారంగా లేచాడు. “కొత్త ట్యూబు తెస్తా. నేనే ఎక్కిస్తా. బ్రేకులు కూడా మరోసారి బిగిస్తాను.” వెనకున్న అరల వైపు నడిచాడు.

అమ్మ పిట్ట చెయ్యి పట్టుకుంది. “చెప్పకే,” అంది గొంతు తగ్గించి. “రెండేళ్లయింది వేళ్లు మొద్దుబారి. షుగర్ వల్ల అన్నాడు డాక్టరు. ఆయన ఒప్పుకోరు. మొన్న మరిగే గిన్నె ఉత్త చేత్తో పట్టుకున్నారు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నా. ఆ వేళ్లే లేవంటే ఆ మనిషి ఏమైపోతాడు? నా వేలు కత్తిపీట మీద తెగింది. తీగ దొరికిందిగా. నిందేదో నా మీదే ఉండనీ.”

నిజమే. తీగ జేబులో వేసుకుంటే సరిపోతుంది. నాన్న చక్రాల డాక్టరుగానే మిగిలిపోతాడు. కానీ బ్రేకు బోల్టు ఎంత బిగిసిందో కూడా ఆయనకి చెప్పేది ఆ వేళ్లే. ఏడు కిలోమీటర్ల దిగుడు పిట్ట కళ్ల ముందు తిరిగింది. రేపు తన సైకిలు. ఎల్లుండి ఈ షాపుకి వచ్చే ఇంకెవరి సైకిలో.

“అమ్మా, వదులు.”

నాన్న ట్యూబుతో తిరిగొచ్చాడు.

“కూర్చో నాన్నా. కాసేపు కళ్లు మూసుకో.”

“ఇదేం ఆటే, ఈ పూట?”

“నా కోసం.”

మూసుకున్నాడు. పిట్ట ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, తీగ మొనని చూపుడువేలికి ఆనించి నొక్కింది. తన పళ్లు బిగుసుకున్నాయి. తీగ లోపలికి దిగింది.

“ఏం తగులుతోంది నాన్నా?”

“ఏమీ పెట్టలేదుగా నువ్వు?”

“కళ్లు తెరువు.”

వేలిలో నిటారుగా నిలబడి ఉంది తీగ. నాన్న దానివంక, ఎవరిదో పరాయి చేతిని చూసినట్టు చూశాడు.

“టైరులో ఉందా ఇది?”

“ఉంది.”

“మూడుసార్లు చూశానే నేను...” నాన్న ముఖం పాలిపోయింది. “పోయినేడు కూడా చక్రం ఎక్కించింది నేనే. అప్పుడు కూడానా పిట్టా?”

“తెలీదు నాన్నా. నిజంగా తెలీదు.” ఆయన మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న ఎడమచెయ్యి ఆమె విరిగి అతికిన భుజం మీదికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. అల్లుడు సంచి భుజాన వేసుకుని ఎవరివైపూ చూడకుండా తలుపు దగ్గరికి నడిచాడు.

“అల్లుడుగారూ.”

“ఇంకా ఏమైనా అనాలా మామయ్యగారూ?”

“ఆ సంచి దించండి బాబూ. చక్రాలు రెండూ మీరే ఎక్కించాలి. ఆ జిగురు కూడా పొయ్యండి. బ్రేకులు ఎలా బిగించాలో నోటితో చెప్తాను, చెయ్యి మీరు వెయ్యండి.” నాన్న పిట్టని లేపి, తానూ లేచి నిలబడ్డాడు. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. “మిమ్మల్ని అనరాని మాటలన్నాను. మీ అత్తగారు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంది. నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది ఎవరో తెలిసిపోయింది.”

అల్లుడు సంచి జారవిడిచాడు. “ఎవరు?”

నాన్న ఆ ప్రశ్నకి తల దించుకోలేదు.

“నేను,” అన్నాడు.